కాకి బంగారపు వెల

మొన్నటి కృష్ణాష్టమి మరునాడు ఒక తల్లి తన బిడ్డ ఫోటో పంపి, "డాక్టరుగారూ, ఇది చెమటకాయా, ఎలర్జీయా?" అని అడిగారు. నాలుగేళ్ల బాలుడు. నుదుటి చుట్టూ కిరీటం అంచు ఆనినంత మేర ఎర్రని గీత. భుజకీర్తులు కట్టిన చోట చిన్న చిన్న పొక్కులు. చెక్కిళ్ల మీద ఇంకా పూర్తిగా వదలని బంగారు రంగు. కృష్ణుడి వేషం తీసేసి పన్నెండు గంటలైనా కృష్ణుడి నగలు మాత్రం ఒంటిమీద ముద్ర వదిలాయి.

ఆ గీతకు మందు చెప్పడం రెండు నిమిషాల పని. చెప్పాను. కాని వేషానికి పెట్టే బంగారం మనిషి ఒంటితో పెట్టుకున్న పేచీ చాలా పాతది. ఆ చరిత్రలో వైద్యుడు తెలుసుకోదగిన సంగతులు ఎన్నో ఉన్నాయి. ఇందులో ఎక్కువ దెబ్బ తిన్నది నగ ధరించినవాడు కాదు, ఆ నగకు మెరుపు పెట్టినవాడు. ఈ వ్యాసం ముఖ్యంగా అతని గురించే.

భరతుని నాట్యశాస్త్రంలో వేషభూషలను చెప్పే ఆహార్యాభినయ ప్రకరణం ఉంది. నటులకు బరువైన నగలు పెట్టవద్దని అక్కడ భరతుడు స్పష్టంగా చెబుతాడు. కారణం ఖర్చు కాదు. బరువు మోసే నటుడు అలసిపోతాడు, చెమటలు పోస్తాయి, మూర్ఛ కూడా రావచ్చునంటాడు. అందుచేత శుద్ధమైన బంగారంతో కాక, లోపల లక్క నింపి పైన కొద్దిగా రాళ్లు పొదిగిన తేలికపాటి ఆభరణాలు చేయించమంటాడు. మైనం, లక్క, అభ్రకపు పొరలు రంగస్థల సామగ్రికి పనికివచ్చే పదార్థాలుగా అక్కడ కనిపిస్తాయి. వృత్తివల్ల కలిగే అనారోగ్యం గురించి మన దేశంలో వ్రాసిన తొలి మాటలలో ఇది ఒకటని నా అభిప్రాయం. అలసట, చెమట, మూర్ఛ: ఈ మూడూ వరుసగా చెబితే ఈనాటి వైద్య విద్యార్థి వడదెబ్బ అని గుర్తుపడతాడు.

మన కూచిపూడి భాగవతులు, వీధినాటకాలవారు ఈ మార్గాన్నే నడిచారు. కిరీటాలు, భుజకీర్తులు, కర్ణపత్రాలు బూరుగు వంటి తేలిక కర్రతో చెక్కి, పైన రంగు రేకులు, అద్దపు ముక్కలు అతికేవారు. తళుకు రేకును మన పెద్దలు బేగడ అనేవారు. నగల పనివారు రాయి వెనుక మెరుపు కోసం పెట్టే పలుచని రేకు కూడా బేగడే. అభ్రకమూ, అటువంటి తళుకులూ జనం నోట కాకి బంగారం అయ్యాయి. ఈ మాటలో వెక్కిరింత ఉంది, ముద్దూ ఉంది.

ఇంత చవక సామగ్రి రాజాధిరాజుల వైభవాన్ని ఎలా మోసిందన్న ప్రశ్నకు సమాధానం వెలుతురులో ఉంది. ఆ రోజులలో ఆముదపు దివిటీలు, కాగడాలే దీపాలు. హిరణ్యకశిపుని వంటి పాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గున మంట లేచేది. ఆ ఒక్క క్షణంలో అట్ట మీది రేకు, అద్దం ముక్క, అభ్రకం అన్నీ ఒక్కసారి వెలిగేవి. కదిలే మంట కింద ముడతలు పడిన రేకు మెరిసినట్టుగా నునుపైన నిజమైన బంగారం మెరవదు. ప్రేక్షకుడు చూసేది లోహాన్ని కాదు, లోహం మీద నుంచి తన కంటికి తిరిగి వచ్చే వెలుగును. ఈ రహస్యం తెలిసిన పనివాడికి తులం బంగారం అక్కరలేదు.

ఈ రహస్యాన్ని కొస దాకా తీసుకుపోయినవారు తోలుబొమ్మలాటవారు. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంట బొమ్మలలో సీతమ్మవారి నగలు చూడండి. అక్కడ లోహం లేదు, రేకు లేదు. పారదర్శకంగా చేసిన తోలులో ఉలితో కొట్టిన సన్నని రంధ్రాలు మాత్రం ఉన్నాయి. వెనుక దీపం పెడితే ఒక్కొక్క రంధ్రం ఒక్కొక్క రవ్వ. చర్మానికి గాని ఊపిరితిత్తులకు గాని ఏ హానీ లేని ఆభరణాలలో ఇంతకంటె అందమైనవి నేను చూడలేదు.

అయితే మన సంప్రదాయమంతా నిర్దోషమని చెప్పడం నిజం కాదు. ముఖానికి పసిమి ఛాయ రావడానికి మన నటులు వాడిన అర్దళం, అంటే హరిదళం, గంధకంతో కూడిన ఆర్సెనిక్ ఖనిజం. లాటిన్‌లో దాని పేరుకు అర్థమే బంగారు రంగు. అది నీటిలో సులభంగా కరగదు గనుక ఒక రాత్రి పూతకు ఎవరూ ప్రాణాపాయం పొందలేదు. కాని ఖనిజంలో తెల్ల పాషాణం కలిసి ఉండే అవకాశం ఉంది. ఏళ్ల తరబడి చెమటతో, పెదవులతో, గోళ్లతో లోపలికి పోయే ఆర్సెనిక్ అరచేతులు, అరికాళ్లలో గట్టి కాయలనూ, ఒంటిమీద చినుకులు పడినట్టు నల్లని తెల్లని మచ్చలనూ తెస్తుంది. 15వ శతాబ్దారంభంలో చిత్రకారుల కోసం గ్రంథం వ్రాసిన ఇటలీ దేశస్థుడు చెన్నీనో చెన్నీనీ కూడా ఈ రంగును నోటికి తగలనీయవద్దని హెచ్చరించాడు.

ఇటలీ ప్రసక్తి వచ్చింది గనుక అక్కడి ఒక బాలుని కథ చెప్పాలి. 1513లో ఫ్లోరెన్స్ నగరంలో మెదీచీ కుటుంబపు ప్రాభవాన్ని చాటే కార్నివాల్ ఊరేగింపు జరిగింది. ఒక శకటం మీద తుప్పు పట్టిన కవచంతో ఒక శవాకారం పడి ఉంటుంది. దాని వీపు చీలి అందులోనుంచి ఒళ్లంతా బంగారు పూతతో ఒక పసివాడు లేస్తాడు. ఇనుప యుగం చచ్చి స్వర్ణయుగం పుట్టిందని దాని భావం. ఆ పిల్లవాడు ఒక రొట్టెల వ్యాపారి దగ్గరి కుర్రవాడు. పది స్కూదీల కూలి కోసం పడిన ఆ శ్రమకు కొద్దికాలానికే మరణించాడని చిత్రకారుల జీవితాలు వ్రాసిన వసారి ఒకే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాడు. బాలుని పేరు వ్రాయలేదు.

ఈ కథ నుంచే లోకంలో ఒక అపోహ బలపడింది: ఒళ్లంతా బంగారు పూత పూస్తే చర్మానికి ఊపిరాడక మనిషి చనిపోతాడని. 1964లో వచ్చిన గోల్డ్‌ఫింగర్ చిత్రం ఈ అపోహను ప్రపంచమంతా మోసుకుపోయింది. నా దగ్గరకు వచ్చిన చదువుకున్నవారు కూడా ఈ మాట అడిగేవారు. మనిషి ఊపిరి ముక్కునుంచి, నోటినుంచే. చర్మం గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకునేది లెక్కలోనికి రానంత తక్కువ. ఆ చిత్రంలో బంగారు పూతతో కనిపించిన నటి షర్లీ ఈటన్ ఆ తరువాత దశాబ్దాల పాటు జీవించారు. అసలు ప్రమాదాలు వేరు. చెమట గ్రంథులు మూసుకుపోతే ఒంటి వేడి బయటకు పోదు. పూత జిగురులో, దానిని కరిగించే ద్రవంలో ఉన్న విషం చర్మం గుండా లోపలికి పోతుంది. బంగారు రేకు నిజానికి అన్నిటికంటె సాధువైన పదార్థం. మిఠాయి మీద వేసుకుని తింటున్నాం. ఆ ఫ్లోరెన్స్ పిల్లవాడిని తీసుకుపోయింది బంగారమని నేను అనుకోను. ఫిబ్రవరి చలిలో దిగంబరంగా నిలబెట్టిన గంటలు, కదలకుండా శకటంలో ముడుచుకున్న అలసట, ఆ తరువాత వచ్చిన ఏదో జ్వరం అయి ఉండాలి.

బంగారం సాధువైనా దానిని అతికే పద్ధతి సాధువు కాదు. పాతకాలపు మలామా పనిలో బంగారాన్ని పాదరసంలో కరిగించి ఆ ముద్దను వెండి, రాగి వస్తువు మీద పూసి నిప్పు మీద కాల్చేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం నిలిచేది. ఆవిరైన పాదరసం ఎక్కడికి పోతుంది? పనివాని రొమ్ములోనికి. 1700లో వృత్తి వ్యాధుల మీద గ్రంథం ప్రచురించిన ఇటలీ వైద్యుడు రామజ్జీనీ ఈ మలామా పనివారికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. చేతుల వణుకు, చిగుళ్ల పుండ్లు, అకాల వార్ధక్యం వీరి లక్షణాలు. ఇంత ఖరీదైన పని నాటకాల వారికి అందేది కాదు. అది రాజాస్థానాలకు, చర్చీలకు పోయేది. పేదరికం నటులను కాపాడిన అరుదైన సందర్భం ఇది.

పేదవారి బంగారానికి రెండు రూపాలు వచ్చాయి. ఒకటి తగరం, పాదరసం, గంధకం, నవాసాగరం కలిపి కాచి చేసే మొజాయిక్ బంగారం. తయారైన పొడి బంగారు పొరల్లా తళతళలాడేది. రెండవది కంచు పొడి అని వ్యవహరించే పొడి. పేరు కంచే గాని పదార్థం రాగి, యశదం కలిసిన ఇత్తడి. ఇత్తడిని రేకుగా సాగగొట్టి, తేనెతో కలిపి నూరి, కడిగి పొడి తీసేవారు. జర్మనీలోని న్యూరెంబర్గ్ ఈ పనికి పేరుపడింది. 19వ శతాబ్దపు మధ్యకాలానికి ముందు హెన్రీ బెస్సెమర్ అనే ఇంగ్లీషు యువకుడు తన సోదరి వేసిన పూల చిత్రాల సంపుటికి బంగారు అక్షరాలు వ్రాయబోయి, ఈ పొడి ఔన్సు ఏడు షిల్లింగులని విని తెల్లబోయాడు. అంత చవక లోహానికి అంత ధరా అని యంత్రాలు చేయించి, పని గుట్టు బయటకు పొక్కకుండా భార్య సోదరులనే పనిలో పెట్టుకుని మూడు దశాబ్దాలకు పైగా రహస్యం కాపాడాడు. ఉక్కు తయారీని మార్చివేసిన బెస్సెమర్ ఇతనే. ఆ ప్రయోగాలకు పెట్టుబడి ఈ కాకి బంగారం సంపాదించి పెట్టినదే.

చవకైన పొడి రావడంతో చిత్రపటాల చట్రాల నుంచి నాటకాల కత్తుల దాకా అన్నిటికీ బంగారు పూత వచ్చింది. మన దగ్గర 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజాల కాలం నాటికి గొప్ప తెరలు, గొప్ప కిరీటాలు జనానికి అలవాటవుతున్నాయి. దివిటీ పోయి స్థిరమైన దీపం వచ్చినకొద్దీ ముడతల రేకు నకిలీగా కనబడసాగింది. అప్పుడు పొడికి, రంగుకు ప్రాధాన్యం పెరిగింది.

ఈ పని ఎలా చేస్తారో నేను ఒక రోగి దగ్గర నేర్చుకున్నాను. 1980ల తొలినాళ్లలో నేను తాలూకా ఆసుపత్రిలో ఉండగా నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే ఒక పెద్దాయన ఆరునెలల దగ్గుతో వచ్చారు. కఫంలో సన్నని మెరుపు. క్షయ అనుకుని పరీక్షలు చేయించాను, క్రిములు కనబడలేదు. రెండవసారి వచ్చినప్పుడు ఆయన గోళ్ల చుట్టూ ఇరుక్కున్న బంగారు రంగు చూసి, "మీరు చేసే పనేమిటి?" అని అడిగాను. రామజ్జీనీ మూడు వందల ఏళ్ల కిందటే ప్రతి రోగినీ మొదట అడగమన్న ప్రశ్న అది. నేను రెండవసారి అడిగాను.

ఒక సాయంత్రం ఆయన కొట్టుకు వెళ్లి చూశాను. అట్టను కిరీటంగా మడిచి, పైన గుడ్డ అతికి, సుద్ద, సరేసు కలిపిన ముద్ద పూస్తారు. సరేసులో ముంచిన నూలుతాడును లతలుగా, హంసలుగా అతికితే అది పోతపోసిన నగిషీలా ఉబ్బుతుంది. ఆరాక ముందుగా కావిరంగు. బంగారం కింద ఎరుపు ఉండాలి. లేకపోతే పూత పాలిపోయినట్టుంటుంది. ఆ పైన లక్క వార్నిష్ వేసి, అది పూర్తిగా ఆరకుండా జిగురుగా ఉన్నప్పుడు దూదితో పొడి అద్దుతారు. మిగిలిన పొడిని నోటితో ఊదేస్తారు. చివరకు పల్లపు గీతలలో నల్లరంగు నీరుగా పోసి, మిట్టలను గుడ్డతో తుడుస్తారు. నీడ పడవలసిన చోట నీడ ముందే ఉంటే దీపం ఎక్కడున్నా నగిషీ లోతుగా కనబడుతుంది. గొప్ప విద్య అది. తప్పంతా ఆ ఊదడంలో ఉంది. ఊదినవాడు మళ్లీ గాలి పీల్చవలసిందే కదా!

"ఊదకపోతే పొడి గీతల్లో నిలిచిపోద్ది, డాక్టరుబాబూ. మెరుపు చెడిపోద్ది," అన్నారు. పొడిని ముందే వార్నిష్‌లో కలిపి కుంచెతో పూయమన్నాను. ఆయనకు ఇష్టం లేదు. అలా పూస్తే లోహపు రేణువులు జిగురులో మునిగి మెరుపు ఒక పాలు తగ్గుతుందన్న ఆయన మాట నిజమే. చివరకు సగం సగంగా రాజీ పడ్డాం: కింద కలిపిన పూత, పైన మిట్టల మీద మాత్రం తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని పొడి అద్దడం, ఊదడానికి బదులు మెత్తని కుంచె. దగ్గు రెండు నెలలకు తగ్గింది. ఆ ఏటి నాటకాలలో కిరీటాల మెరుపు తగ్గిందని ఎవరూ అనలేదు.

అదే ఊళ్లో గజ్జెలు, గంటలు పోతపోసే కంచరి ఒకరు తరచు చలిజ్వరంతో వచ్చేవారు. అది మలేరియా ప్రాంతం. నేను క్లోరోక్విన్ ఇచ్చేవాడిని. మరునాటికి జ్వరం పోయేది. నా మందు గొప్పదనుకునేవాడిని. ఇత్తడి కరిగించేటప్పుడు లేచే యశదపు పొగ పీల్చినవారికి కొద్ది గంటలలో చలి, జ్వరం, నోటిలో లోహపు రుచి వచ్చి ఒకటి రెండు రోజులలో వాటంతటవే పోతాయి. సెలవు తరువాత పనిలోకి దిగిన రోజున ఎక్కువగా వస్తుంది. పుస్తకంలో చదివి కూడా ఆయన విషయంలో నాకు ఏడాది దాకా తట్టలేదు.

ఇక ఆ బాలుని నుదుటి గీత దగ్గరకు వస్తాను. పాదరసపు మలామాను తరిమివేసింది విద్యుత్తు. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్‌లు విద్యుత్తుతో బంగారు, వెండి పూత వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. పూత నునుపుగా అతుక్కోవడానికి పొటాషియం సయనైడ్ ద్రవం వాడవచ్చునని కనిపెట్టినవాడు జాన్ రైట్ అనే శస్త్రవైద్యుడు. మా వృత్తివారు చేసిన మేలు, కీడు రెండూ అందులో ఉన్నాయి. పనివాడు పాదరసం నుంచి తప్పించుకుని సయనైడ్ తొట్టి పక్కన నిలబడ్డాడు. కాని గిల్టు నగ సామాన్యుడికి అందింది. మన మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి పేరు చెబితే గుర్తుకు వచ్చేది ఈ నగలే.

చవక గిల్టు నగలలో చాలాసార్లు బంగారు పూత కింద నికెల్ పొర ఉంటుంది. పై పూత పలుచన, రాపిడికి అరుగుతుంది. చెమటలోని ఉప్పు నికెల్‌ను కరిగిస్తుంది. చర్మం ఒకసారి నికెల్‌ను శత్రువుగా గుర్తించిందంటే ఆ పగ సాధారణంగా జీవితాంతం పోదు. గడియారం గొలుసు, ప్యాంటు గుండీ, చెవి దిద్దు దేనికైనా దురద పుడుతుంది. పాత వేషగాళ్లు కిరీటం లోపలి అంచుకు మెత్తని గుడ్డ దట్టంగా కుట్టేవారు. జారిపోకుండా ఉండడానికి అని వారు అనుకున్నారు. చర్మాన్ని కూడా అదే కాపాడింది. బజారులో దొరికే పిల్లల కిరీటాలకు ఆ గుడ్డ ఉండడం లేదు.

లోహం లేకుండా లోహపు కాంతి తెచ్చిన ఒక వేషం చెప్పకుండా ఉండలేను. 1888లో లండన్ లైసియం నాటకశాలలో ఎలెన్ టెర్రీ లేడీ మాక్‌బెత్ పాత్రకు ధరించిన ఆకుపచ్చ దుస్తుల మీద సుమారు వెయ్యి బంగారు పురుగుల రెక్కలు కుట్టారు. మనం చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకున్న పురుగుల వంటివే. అటువంటి రెక్కల కుట్టుపని మన దేశపు విద్య. మద్రాసు నుంచి కూడా ఎగుమతి అయ్యేది. గ్యాసు దీపాల వెలుగులో ఆ దుస్తులు పాము కుబుసంలా మెరిశాయట. ఇప్పటికీ ఆ దుస్తులు ఉన్నాయి, రంగు పోలేదు. వాటి కాంతి రంగుపదార్థానిది కాదు, రెక్క పొరల నిర్మాణానిది.

వెండి మెరుపు సంగతి వేరుగా నడిచింది. వెండి రేకు గాలిలోని గంధకానికి నల్లబడుతుంది కనుక తగరపు రేకు వాడేవారు. 1886లో చవకగా అల్యూమినియం తీసే పద్ధతి దొరికాక దాని పొడి వెండి రంగుకు మారుపేరైంది. 1938లో విజార్డ్ ఆఫ్ ఆజ్ చిత్రంలో రేకు మనిషి పాత్రకు బడ్డీ ఎబ్సెన్ అనే నటుని ముఖానికి అల్యూమినియం పొడి అద్దారు. చిత్రీకరణ మొదలైన కొద్దిరోజులకే కండరాలు పట్టేసి, ఊపిరాడక ఆయన ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద పడి ఉన్నారు. ఆ పాత్ర మరొకరికి వెళ్లింది. అప్పుడు పొడిని మానేసి అదే అల్యూమినియాన్ని ముద్దగా కలిపి పూశారు. నా డ్రస్సుల పెద్దాయనకు నేను చెప్పిన చికిత్స కూడా సరిగ్గా అదే! లోహం మారలేదు, గాలిలో ఎగరడం మాత్రం ఆగింది.

ఇప్పటి ముఖాలంకరణలో మెరుపుకు ఎక్కువగా వాడేది అభ్రకపు రేణువుల మీద టైటానియం డయాక్సైడ్ పూసిన పొడి. నాట్యశాస్త్రపు అభ్రకం తిరిగి వచ్చింది. చర్మానికి అది మంచిదే. మన గూడూరు ప్రాంతం ఒకప్పుడు అభ్రకానికి ప్రసిద్ధి. నేడు ఝార్ఖండ్ గుంతలలో దానిని ఏరేవారిలో పసిపిల్లలు కూడా ఉన్నారన్నది మాత్రం మరచిపోరాదు. ప్లాస్టిక్ గ్లిటర్ కంటిలో పడితే నల్లగుడ్డు మీద గీత పడుతుంది. ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరు నుంచి విడి ప్లాస్టిక్ గ్లిటర్ మీద ఆంక్షలు పెట్టింది, కంటి కోసం కాదు, సముద్రం కోసం.

ఆ తల్లికి నేను చెప్పినది ఇంతే: కిరీటం లోపల నూలుగుడ్డ కుట్టండి, స్ప్రే రంగు వేస్తే ఆరుబయట వేసి, వాసన పూర్తిగా పోయేదాకా పిల్లవాడికి పెట్టకండి, వస్తువులకు వేసే బంగారు రంగు ముఖానికి వద్దు, ముఖానికని అమ్మేదే కొనండి, కళ్లకు, పెదవులకు దూరంగా పూయండి.

ఆమెకు ఇలా చెప్పిన వారంలోనే కూడలి దీపం దగ్గర ఒక పిల్లవాడిని చూశాను. తొమ్మిదేళ్లుంటాయి. తల నుంచి పాదాల దాకా వెండి రంగు పూసుకుని, గుండ్రని కళ్లజోడు, చేతికర్రతో గాంధీగారిలా కదలకుండా నిలబడి ఉన్నాడు. కారు దిగి పక్కకు పిలిచి, రంగు ఎలా తీస్తావని అడిగాను. "కిరసనాయిలు తాతా," అన్నాడు. మోచేతి మడతలలో చర్మం పగిలి ఉంది. కిరసనాయిలు చర్మపు నూనెను తీసేస్తుంది. పొరపాటున గొంతులోకి పోతే ఊపిరితిత్తులు మండిపోతాయి. కొబ్బరినూనె రాసి పావుగంట నాననిచ్చి గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బు పెట్టమని చెప్పి, ఎదురు దుకాణంలో నూనె సీసా కొనిచ్చాను. మరునాడు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసి చెప్పాను. రాసుకున్నారు. నాలుగు రోజుల తరువాత అటు వెళితే ఆ కూడలిలో అతడు లేడు. రెండు వీధుల అవతల ఉన్నాడు, అదే వెండి రంగుతో.